ఫాలౌట్ 3 ముందా, న్యూ వేగాస్ ముందా? చిత్తూరు తమ్ముడికి జవాబు

తమ్ముడూ, నీ ప్రశ్న ఇదీ. ప్రైమ్‌లో ఫాలౌట్ సిరీస్ చూశావు, దానికి మూలమైన వీడియో గేములు మొదలుపెట్టాలని ఉంది. బెంగళూరులో ఉద్యోగంలో చేరడానికి ఇంకా 6 వారాలుంది. చేతిలో ఉన్నది విడిగా గ్రాఫిక్స్ కార్డు లేని 8 జీబీ ల్యాప్‌టాప్, అందుకే ఫాలౌట్ 4 జోలికి పోదల్చుకోలేదు. ఫాలౌట్ 3 ఆడాలా, అదే వరసలోని న్యూ వేగాస్ ఆడాలా? స్నేహితులంతా న్యూ వేగాస్ అంటున్నారు గానీ ఎందుకో ఎవరూ సరిగ్గా చెప్పట్లేదు అన్నావు.

జవాబు ముందే చెప్పేస్తాను. ఒక్కటే ఆడతానంటే న్యూ వేగాస్. రెండూ ఆడే ఓపికుంటే మాత్రం 3తో మొదలుపెట్టు. తిరగేసి ఆడితే 3లో తుపాకీ కాల్చడం మొద్దుగా, మాటలు చప్పగా అనిపిస్తాయి. పాపం దానికి అన్యాయం జరుగుతుంది. ఎందుకో కూడా కావాలంటే ఇక తీరిగ్గా చదువు. ఈ రెండాటల గురించి క్లుప్తంగా మాట్లాడ్డం నాకు చేతకాదు.

2009లో నేను తిరుపతిలో ఎంసీఏ చదువుతూ రాత్రిళ్ళు ఒక నెట్ సెంటర్ చూసుకునేవాణ్ణి. ఎనిమిది సిస్టమ్‌లలో ఒక్కదానికే మంచి గ్రాఫిక్స్ కార్డు, అది ఓనరు సీటు. రాత్రి 12 దాటితే ఆ సీటు నాది. ఫాలౌట్ 3 కాపీ అందులోకి ఎలా వచ్చిందో అడగొద్దు. 2008 అక్టోబర్‌లో ఆ ఆట బయటి దేశాల్లో వస్తుంటే, ఇక్కడి సాంస్కృతిక సున్నితత్వాల దృష్ట్యా ఎక్స్‌బాక్స్ 360 మీద ఇండియాలో విడుదల చేయట్లేదని మైక్రోసాఫ్ట్ ప్రకటించింది. ఫలానా విషయం అని వాళ్ళు చెప్పలేదు. ఆటలో రెండు తలల ఆవులు తిరుగుతుంటాయి, వాటి పేరు బ్రాహ్మిన్. కారణం అదేనని మేమంతా అనుకున్నాం. అమెరికాలో బ్రాహ్మన్ అనే పశుజాతి నిజంగానే ఉంది, దాన్ని తయారుచేయడానికి వాడిన మన దేశపు జాతుల్లో ఒంగోలు కూడా ఒకటి. అంటే ఆ శిథిలాల్లో వర్తకుల మూటలు మోసేది దూరపు చుట్టరికంలో మన గిత్తలే!

సరే, ఆట సంగతి. ఫాలౌట్ 3 బెథెస్డా అనే కంపెనీ వాళ్ళది. అణుయుద్ధం జరిగి 200 ఏళ్ళయింది, ఏడాది 2277, చోటు వాషింగ్టన్ డీసీ. నువ్వు వాల్ట్ 101 అనే భూగర్భ ఆశ్రయంలో పుట్టి పెరిగావని నమ్ముతుంటావు. నీకు 19 ఏళ్ళప్పుడు నాన్న చెప్పకుండా బయటికి వెళ్ళిపోతాడు, నువ్వు ఆయన్ని వెతుక్కుంటూ బయల్దేరతావు. పెద్ద చక్రంలాంటి తలుపు దాటి బయటికి రాగానే ఎండ కళ్ళలో కొడుతుంది, చూపు కుదురుకున్నాక కింద కూలిన ఇళ్ళు, విరిగిన రోడ్లు, దూరంగా నగరం. అక్కణ్ణుంచి ఎటు పోయినా నిన్ను అడిగేవాడు లేడు.

ఆ ఎటుపోయినాసరే అనే గుణమే ఫాలౌట్ 3 ప్రాణం. ఒక రాత్రి రెండింటప్పుడు కొండల మీద తిరుగుతుంటే నా రేడియోలో ఏదో సన్నటి సిగ్నల్ తగిలింది. ఒక తండ్రి గొంతు. కొడుక్కి జబ్బు చేసింది, మురుగునీటి గదిలో దాక్కున్నాం, ఎవరైనా మందులు తీసుకురండి అని. సిగ్నల్ బలం చూసుకుంటూ వెతికితే ఆ గది దొరికింది. లోపల ఎముకలే. సందేశం మాత్రం 200 ఏళ్ళుగా తిరిగి తిరిగి మోగుతూనే ఉంది. దానికి క్వెస్ట్ (ఆట అప్పగించే పని) లేదు, బహుమతి లేదు, ఎవరూ వెళ్ళమని చెప్పలేదు. బయటికొచ్చి టీ తాగుదామని షట్టరు ఎత్తితే రోడ్డు మీద అలిపిరి వైపు పోయే బస్సులు, గుండు చేయించుకున్న పిల్లాణ్ణి భుజాన వేసుకుని నిలబడ్డ ఒక తండ్రి. తిరుపతిలో ఆ టైముకి కూడా రోడ్డు ఖాళీగా ఉండదు కదా. చాలాసేపు లోపలికి పోలేకపోయాను. న్యూ వేగాస్‌ని ఎంత ఇష్టపడినా, ఒంటరితనాన్ని అంత బాగా చేసిన ఆట అది మాత్రం కాదు. ఈ విషయంలో 3దే పైచేయి.

ఇక కథ. అక్కడే నాకు ఫాలౌట్ 3తో పేచీ. దాని కథంతా నీళ్ళ కథ. నది మొత్తం రేడియేషన్, ఊరి గుమ్మాల దగ్గర ముష్టివాళ్ళు మంచినీళ్ళు అడుగుతుంటారు, ఒక సీసా ఇస్తే నీ కర్మ, అంటే నీ మంచిచెడ్డలకి ఆట వేసే మార్కు, పెరుగుతుంది. మెగాటన్ అనే ఊళ్ళో ముసలి మెకానిక్కు వాల్టర్ కోసం పైపుల్లో మూడు లీకులు కట్టేస్తే డబ్బులిస్తాడు. మీ నాన్న జీవితాశయం జెఫర్సన్ మెమోరియల్ దగ్గర ఒక పెద్ద శుద్ధి యంత్రం పెట్టి అందరికీ ఉచితంగా మంచినీళ్ళివ్వడం. ఆ నాన్నకి గొంతిచ్చింది లియమ్ నీసన్. ఎవరు కాదంటారు చెప్పు? ఎన్‌క్లేవ్ అనే దుర్మార్గుల గుంపు తప్ప ఇంకెవరూ అడ్డు చెప్పరు. కాబట్టి నువ్వు తేల్చుకోవాల్సింది పెద్దగా ఏమీ ఉండదు. మంచివాడివా, రాక్షసుడివా, అంతే. అదే మెగాటన్ నడిబొడ్డులో పేలని అణుబాంబు ఉంటుంది, దాన్ని నిర్వీర్యం చేయొచ్చు, లేదా డబ్బుకి ఆశపడి దూరంగా ఒక మేడ మీద నిలబడి ఊరినంతా పేల్చేయొచ్చు. పేల్చేశాక మీ నాన్న కనిపిస్తే చాలా నిరుత్సాహపడ్డానని ఒకట్రెండు ముక్కలంటాడు. ఊరు ఊరంతా బూడిద చేస్తే ఒకట్రెండు ముక్కలా!

మాది పాకాల వైపు పల్లె. మా నాన్న మూడు బోర్లు వేయించాడు, మూడోది 900 అడుగులు దిగింది, దుమ్ము తప్ప ఏమీ రాలేదు. కరువు ఏళ్ళలో ఊరు ఒక్కమాట మీద ఉండేది, ట్యాంకర్ దగ్గర బిందెల వరస దగ్గర తప్ప. చెరువు నిండిన ఏడాదే అసలు గొడవలు. తూము ఎవరు తీయాలి, నీరుగంటి ఎవరి మడికి ముందు వదిలాడు, కింది కయ్యలకి రాత్రి మాత్రమే ఎందుకు వదులుతాడు. నీళ్ళొచ్చాకే కథ మొదలవుతుందని మా ఊళ్ళో చిన్నపిల్లాడికి కూడా తెలుసు. ఫాలౌట్ 3 సరిగ్గా నీళ్ళొచ్చే క్షణానికి ఆగిపోతుంది.

ఆగిపోయే తీరు కూడా బాలేదు. కథ తెలిసిపోతుందని భయముంటే ఈ పేరా వదిలేయ్. చివర్లో యంత్రాన్ని నడిపించడానికి రేడియేషన్ నిండిన గదిలోకి ఒకరు పోవాలి, పోతే చావే. నీ పక్కన ఫాక్స్ అనే తోడు ఉండొచ్చు, అతని ఒంటికి రేడియేషన్ తగలదు. నువ్వు వెళ్ళయ్యా అంటే ఇది నీ విధి, నేను అడ్డురాను అంటాడు. ఆ రోజు ఓనరు కీబోర్డు విరగ్గొట్టనందుకు నన్ను నేనే మెచ్చుకున్నాను. అందరూ తిట్టాక 2009లో బ్రోకెన్ స్టీల్ అనే డీఎల్‌సీలో (ఆటకి తర్వాత కలిపే అదనపు భాగం) దాన్ని సరిదిద్దారు, కథ తర్వాత కూడా తిరగనిచ్చారు. అందులోనే కాస్త అసలు ప్రశ్న తొంగిచూస్తుంది. నీళ్ళ బండ్లకి కాపలా కావాలి, మధ్యలో దోచుకునేవాళ్ళుంటారు, ఒకడు కల్తీ నీళ్ళని అసలువని చెప్పి అమ్ముతుంటాడు. నీకు 3 కొనే ఆలోచన ఉంటే డీఎల్‌సీలన్నీ కలిపిన ఎడిషనే తీసుకో, ఒట్టి ఆట వద్దు.

న్యూ వేగాస్ ఆ తొంగిచూసిన ప్రశ్నతోనే మొదలవుతుంది. 2010 అక్టోబర్‌లో వచ్చింది, చేసింది అబ్సిడియన్. అసలు ఫాలౌట్‌ని 1990లలో తయారుచేసిన బ్లాక్ ఐల్ స్టూడియో నుంచి వచ్చినవాళ్ళు పెట్టుకున్న కంపెనీ అది. అప్పట్లో వాళ్ళు మొదలెట్టి 2003లో ఆగిపోయిన ఒక ఫాలౌట్ ఆటలోని సీజర్ సైన్యం, హూవర్ డ్యామ్ ఆలోచనలు ఇందులోకి వచ్చాయి. బెథెస్డా వీళ్ళకి ఫాలౌట్ 3 ఇంజన్ (ఆటని నడిపే సాఫ్ట్‌వేర్) ఇచ్చి, 18 నెలల్లో ఆట కావాలంది. అందుకే చూడ్డానికి రెండూ అన్నదమ్ముల్లా ఉంటాయి. అవే మెనూలు, అదే చేతికి కట్టే పిప్‌బాయ్, కాలాన్ని ఆపి తలకో కాలికో గురిపెట్టే అదే వ్యాట్స్.

ఏడాది 2281, చోటు నెవాడా మొహావే ఎడారి. నువ్వొక కొరియర్‌వి, ఒక పార్సిల్ పట్టుకెళ్తుంటే దాన్ని లాక్కుని తలలో కాల్చి పాతిపెడతారు. బతుకుతావు. కాల్చినవాణ్ణి వెతుక్కుంటూ పోతే ప్రతి దారీ చివరికి హూవర్ డ్యామ్ దగ్గరికే చేరుతుంది. ఆ డ్యామ్ నిజంగా ఉన్నదే, కొలరాడో నది మీద 1930లలో కట్టారు. ఆ నది నీళ్ళని ఏడు రాష్ట్రాలు పంచుకోవడానికి 1922లో ఒప్పందం రాసుకున్నాయి, ఈ రోజుకీ కొట్టుకుంటూనే ఉన్నాయి. ఆటలో డ్యామ్ చెక్కుచెదరలేదు, కరెంటు వస్తోంది, నీళ్ళు శుభ్రంగా ఉన్నాయి. మరి ఎవరివి?

కాలిఫోర్నియా నుంచి వచ్చిన ఎన్‌సీఆర్ అనే ప్రభుత్వం డ్యామ్‌ని పట్టుకుని కూర్చుంది. ఎన్నికలున్నాయి, చట్టాలున్నాయి, పన్నులున్నాయి, లంచాలూ ఉన్నాయి. నది అవతల సీజర్, బానిసల్ని పెట్టుకుని క్రమశిక్షణ నేర్పుతానంటాడు. లాస్ వేగాస్‌లో మిస్టర్ హౌస్, 200 ఏళ్ళుగా మేడ దిగని కోటీశ్వరుడు, ఈ ఊరిని కాపాడింది నేనే కాబట్టి నాదే అంటాడు. వీళ్ళెవరూ వద్దు, నేనే చూసుకుంటాను అని నువ్వు కూడా అనొచ్చు. ఒక్కసారి ఆలోచించు, నీరుగంటి ఎవరుండాలనే తగువు ఇది. సీజర్‌ని పక్కనపెడితే మిగిలినవాళ్ళలో ఎవరి మాట విన్నా నిజమే కదా అనిపిస్తుంది, కాసేపటికి వాడి పొలంలోని కుళ్ళూ కనిపిస్తుంది.

అందులో నాకు బాగా ఇష్టమైన క్వెస్టు చాలామంది పట్టించుకోని చిన్నది. వేగాస్ పక్కనే ఎన్‌సీఆర్ పొలాలుంటాయి, కాలిఫోర్నియా నుంచి వచ్చిన కౌలు రైతులు దున్నుతుంటారు. పైపుల్లోంచి నీళ్ళు తగ్గిపోతున్నాయని గమనించి ఆరా తీయడానికి వెళ్ళిన ఒక సైనికుడు కనిపించకుండా పోయాడు. వెతుక్కుంటూ పోతే పక్కనున్న పేదల వాడ, వెస్ట్‌సైడ్‌కి చేరతావు. అక్కడ కూడా కూరగాయలు పండుతున్నాయి. ఏ నీళ్ళతో? ఇంతకంటే చెప్పను. చివరికి ఒక మంచి మనిషి చేసిన చెడ్డ పని నీ చేతిలో పెడతారు. చెప్తే చట్టం నిలుస్తుంది, వాడ ఎండిపోవచ్చు. చెప్పకపోతే చనిపోయినవాడికి న్యాయం లేదు. కర్మ మీటరు అక్కడ నీకే సాయమూ చేయదు. కండలేరు నుంచి పూండికి పోయే తెలుగుగంగ కాలవ మన పాత ఉమ్మడి చిత్తూరు జిల్లా మీదుగానే చెన్నైకి పోతుంది. దాని గట్టు మీద నిలబడి పోయే నీళ్ళని చూసినవాడికి ఆ వెస్ట్‌సైడ్ మనిషి ఎందుకలా చేశాడో విడమరిచి చెప్పక్కర్లేదు. చెన్నైలో కుళాయి దగ్గర నిలబడ్డవాడికి ఇంకోటి అర్థమవుతుంది. ఆట రెండు గొంతులూ వినిపిస్తుంది.

మాటల దగ్గర రెండాటలకీ ఒక తేడా ఉంది, చిన్నదే గానీ ఆడే తీరునే మార్చేస్తుంది. ఫాలౌట్ 3లో ఎవరినైనా ఒప్పించాలంటే పక్కన ఇంత శాతం అవకాశం అని చూపిస్తుంది. లాటరీ. తగలకపోతే ఏం చేస్తాం? పాత సేవ్ లోడ్ చేసి మళ్ళీ నొక్కుతాం, నేనైతే ఒకే మాట పదకొండు సార్లు నొక్కాను. న్యూ వేగాస్‌లో నీ స్కిల్ ఎంతుంది, ఎంత కావాలి అని రెండు అంకెలు చూపిస్తుంది. ఉంటే పనవుతుంది, లేకపోతే కాదు. లేనప్పుడు నీ పాత్ర వాగే తింగరి మాట కూడా రాసిపెట్టారు, నవ్వుకోవడానికైనా ఒకసారి నొక్కు. పైగా మాటకారితనం ఒక్కటే పనిచేయదు. మొదటి ఊరు గుడ్‌స్ప్రింగ్స్ మీదికి దొంగలొస్తారు. ఊరివాళ్ళని కూడగట్టాలంటే కొట్టువాడి దగ్గర బేరం తెలిసుండాలి, డైనమైట్ దాచుకున్న ముసలాయన దగ్గర పేలుడు పదార్థాల సంగతి తెలిసుండాలి, డాక్టరు దగ్గర వైద్యం. లేదా దొంగల పక్షం చేరి ఆ ఊరినే దోచుకోవచ్చు. మొదటి గంటలోనే ఇంత ఇస్తుంది. అక్కడినుంచి నువ్వు చేసిన పని ఆయా ఊళ్ళలో, గుంపుల్లో విడివిడిగా గుర్తుంటుంది. ఒక చోట దేవుడివి, పక్క ఊళ్ళో కనిపిస్తే కాల్చేస్తారు.

కాల్పుల సంగతి త్వరగా చెప్తాను. 3లో తుపాకీ గురి పెట్టినట్టు అనిపించదు, వ్యాట్స్ మీదే బతకాలి. న్యూ వేగాస్‌లో గురిచూసి కాల్చొచ్చు, రకరకాల తూటాలున్నాయి, కవచం మందంగా ఉన్నవాడికి చిన్న తూటా చీమకుట్టినట్టే. హార్డ్‌కోర్ మోడ్ పెట్టుకుంటే దాహం, ఆకలి, నిద్ర కూడా చూసుకోవాలి, తూటాలకి బరువుంటుంది. మొదటిసారే ఆ మోడ్ పెట్టుకోమంటాను. బావి కనపడగానే సంతోషించడం అందులోనే తెలుస్తుంది.

న్యూ వేగాస్ మీద వచ్చే పెద్ద ఫిర్యాదు స్వేచ్ఛ లేదని. నిజమే. వేగాస్ మొదటి ఊరి నుంచే కనపడుతుంటుంది, తిన్నగా ఉత్తరానికి పోదామంటే దారిలో డెత్‌క్లాలు అనే పెద్ద గోళ్ళ రాక్షస జంతువులు, రెండు దెబ్బల్లో నీ పని ఖతం. కాబట్టి దక్షిణంగా ప్రిమ్, నిప్టన్, నోవాక్ మీదుగా చుట్టూ తిరిగి రావాలి. నాకిది అలిపిరి మెట్లదారిలాగా అనిపిస్తుంది. కొండ పైనే ఉంది, కనపడుతోంది, కానీ మెట్టు మెట్టూ ఎక్కాలి, మధ్యలో ప్రతి మజిలీలో ఆగుతావు, ఎవరో ఒకరు ఏదో చెప్తారు. పైకి చేరేసరికి నువ్వు బయల్దేరినప్పటి మనిషివి కావు. నిప్టన్‌లో ఒకడు ఎదురొచ్చి లాటరీ గెలిచానని గంతులేస్తాడు. ఏం లాటరీయో ఊళ్ళోకి పోయి చూడు. సీజర్ మనుషులెవరో ఎవరూ ఉపన్యాసమివ్వకుండానే తెలిసిపోతుంది. ఫాలౌట్ 3 మాత్రం శేషాచలం అడవిలోకి దారి తెలియకుండా దూరడం లాంటిది. రెండు సుఖాలూ వేరు. నాకు మెట్లదారే ఇష్టం, వయసు కూడా కారణమేమో.

న్యూ వేగాస్‌ని నెత్తిన పెట్టుకునేవాళ్ళు చెప్పని సంగతులు కూడా విను. 18 నెలల తొందర చాలాచోట్ల కనిపిస్తుంది. సీజర్ వైపు చేరితే పని చాలా తక్కువ, నది అవతల ఊళ్ళు లేనట్టే. వేగాస్ స్ట్రిప్, అంటే క్యాసినోల వీధి, గేట్ల మధ్య ముక్కలై, పేరుకి తగ్గ సందడి లేకుండా వెలవెలబోతుంది. కొండలెక్కుతుంటే కనపడని గోడలు తగులుతాయి. విడుదలైనప్పుడు బగ్గులు భయంకరంగా ఉండేవి. నా సేవ్ ఒకటి 40 గంటల దగ్గర పాడైపోయింది, అప్పుడు నాకు పరీక్షలు కూడా ఉన్నాయి, రెండూ పోయాయి. సమీక్షల మార్కులకి సగటు కట్టే మెటాక్రిటిక్‌లో 85 వస్తే అబ్సిడియన్‌కి బోనస్ అని ఒప్పందం, వచ్చింది 84. ఆ సంగతి 2012లో వాళ్ళలో ఒకరైన క్రిస్ అవెలోన్ బయటపెట్టాడు. ఒక్క మార్కుతో ఫస్ట్ క్లాస్ పోయినవాళ్ళకి ఆ బాధ తెలుస్తుంది.

నీ ల్యాప్‌టాప్ విషయం. రెండూ నడుస్తాయి, కానీ 3 ఎక్కువ మారాం చేస్తుంది. చాలా ఇంటెల్ గ్రాఫిక్స్‌లని అది గుర్తుపట్టదు, దానికి విడిగా ఒక బైపాస్ ఫైలు వేయాలి. ప్రాసెసర్ కోర్లు ఎక్కువుంటే ఊరికే ఆగిపోతుంది, సెట్టింగుల ఐఎన్‌ఐ ఫైల్లో రెండు కోర్లకి కట్టేసే లైన్లు రాయాలి. ఒకప్పుడు గేమ్స్ ఫర్ విండోస్ లైవ్ అనే మైక్రోసాఫ్ట్ లాగిన్ దరిద్రం ఇంకోటి ఉండేది, ఆటలమ్మే స్టీమ్‌లో 2021లో దాన్ని తీసేశారు. న్యూ వేగాస్‌కి ముందుగా 4 జీబీ ప్యాచ్ వేయి. అది లేకపోతే నీ 8 జీబీలో 2 జీబీకి మించి వాడుకోలేదు. ఆ తర్వాత ఎన్‌వీఎస్ఈ, టిక్ ఫిక్స్, బగ్గులు సరిచేసే యప్. ఇవన్నీ మాడ్లు, అంటే ఆటని మార్చడానికి అభిమానులు చేసిన ఫైళ్ళు. వివా న్యూ వేగాస్ అనే గైడ్‌లో ఇవన్నీ వరసగా ఉంటాయి, దానిలో మొదటి భాగాలు చేసి ఆపేయ్. మాడ్లు వేసుకుంటూ ఆట ఆడటం మర్చిపోయినవాళ్ళు నా దగ్గరికి నెలకొకడు వస్తాడు. రెండాటల్నీ న్యూ వేగాస్ ఇంజన్‌లో కలిపేసే టేల్ ఆఫ్ టూ వేస్ట్‌ల్యాండ్స్ కూడా ఉంది, దానికి రెండూ కొనాలి. మొదటిసారికి వద్దు. ఆటోసేవ్‌ని నమ్మొద్దు, చేత్తో కొత్త సేవ్‌లు పెట్టుకో. మధ్యాహ్నం ఎండలో ఆడితే ల్యాప్‌టాప్ కింద ఏదైనా ఎత్తు పెట్టు, మంచం మీద పరుపులో కూరకు.

న్యూ వేగాస్‌కి కథ ఉన్న డీఎల్‌సీలు నాలుగున్నాయి, అల్టిమేట్ ఎడిషన్‌లో అన్నీ వస్తాయి. ఓల్డ్ వరల్డ్ బ్లూస్ తప్పక ఆడు. డెడ్ మనీ మొదట్లో విసిగిస్తుంది, లెవెల్ 20 దాటాక పో. తీసుకెళ్ళిన తుపాకులన్నీ గుమ్మం దగ్గరే లాగేసుకుంటారు, కంగారుపడకు. హానెస్ట్ హార్ట్స్ చూడ్డానికి బాగుంటుంది, అంతే. లోన్సమ్ రోడ్ చివరికి.

కథ పూర్తయితే ఆట అక్కడికి ముగుస్తుంది, తర్వాత తిరగనివ్వదు. డ్యామ్ దగ్గర యుద్ధం మొదలయ్యే ముందు అదే చెప్పి అడుగుతుంది, అక్కడొక సేవ్ ఉంచుకో. ఇంకొకరి పక్షాన ఆడి చూడాలనిపిస్తుంది, ఆరు వారాల్లో రెండుసార్లు పూర్తిచేయొచ్చు.

గుడ్‌స్ప్రింగ్స్ దాటాక ఉత్తరం వైపు పోవద్దని చెప్పానా? అయినా పోతావు, నేనూ పోయాను. పోయేముందు సేవ్ చేసుకో.